గ్యాస్ అనుకునే ముందు: బీపీని, గుండె జబ్బును ఎలా గుర్తించాలి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు వైపున్న రాయగడలో మా మందుల దుకాణం షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. "బాబూ, గ్యాస్ బిళ్ళ ఒకటి ఇవ్వు" అంటారు. లేదా "నీరసంగా ఉంది, లో బీపీ అయినట్టుంది, టానిక్ ఏదైనా ఇవ్వు" అంటారు. జబ్బుకు పేరు ఇంటి దగ్గరే పెట్టేసుకుని వస్తారు. నా వంతు మందు అందివ్వడమే.

కొన్నేళ్ల కిందట ఒక చలికాలం ఉదయం అలాగే ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, సంతలో కూరగాయలు అమ్ముతాడు. రొమ్ము మధ్య మంటగా ఉందని, రాత్రి తిన్న పెళ్లి భోజనం అరగలేదని అన్నాడు. నేనూ గ్యాసే అనుకుని బిళ్ళ ఇచ్చాను. ఆయన ఇచ్చిన పది రూపాయల నోటు తడిగా ఉంది. బయట మంచు పట్టి ఉంది, నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను, ఆయన అరచేతుల్లో చెమట. ఆ నోటును అలాగే గల్లాపెట్టెలో వేసేశాను. రెండు గంటల తరువాత ఆయన కొడుకు పరుగున వచ్చి, నాన్నను ఆసుపత్రిలో చేర్చామని చెప్పాడు. గుండెపోటు. మనిషి దక్కాడు గానీ గుండె పూర్తిగా దక్కలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆనాటి నుంచి నాదొకటే పట్టు: పేరు పెట్టే ముందు కొలవాలి, కొలిచింది రాయాలి. జబ్బు ఏమిటో తేల్చేది డాక్టరే. ఆయన దగ్గరకు ఎప్పుడు వెళ్లాలో, ఎంత తొందరగా వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో మాత్రం మీరే తేల్చుకోవాలి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం చుట్టుపక్కల పల్లెల్లో గుండె వైద్యుడు వీధి చివర ఉండడు కదా.

బీపీ ఎలా చూడాలి

బీపీ పెరిగితే తల నొస్తుందని, మెడ లాగుతుందని, అవేవీ లేకపోతే బీపీ లేనట్టేనని చాలామంది నమ్మకం. ముందు దాన్ని వదిలించుకోండి. పై బీపీ, అంటే రెండు అంకెల్లో పెద్దది, 170 ఉన్నా ఏమీ తెలియని వాళ్లను వారానికి నలుగురినైనా చూస్తాను. తింటారు, తిరుగుతారు, హాయిగా నిద్రపోతారు. ఈలోగా మూత్రపిండాలు, కళ్లు, మెదడులోని రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి. ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రంలో డబ్బు తీసుకోకుండానే చూస్తారు. ఆశా కార్యకర్త పిలిచినప్పుడు "నాకేమీ లేదమ్మా" అని తప్పించుకోకండి.

చూడటం ఒక ఎత్తు, సరిగ్గా చూడటం ఒక ఎత్తు. మా నాన్నగారికి ఒక ఆసుపత్రిలో మూడంతస్తులు ఎక్కిన రొప్పు తీరకముందే, చొక్కా మీదనుంచే పట్టీ చుట్టి చూసి మందు రెట్టింపు చేశారు. వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున పెరట్లో కళ్లు తిరిగి పడ్డారు. ఇంట్లో వారం రోజులు చూసి రాస్తే తేలింది, పాత మోతాదే ఆయనకు సరిపోతోంది.

చూసుకోవడానికి అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, ఖైనీ ఏవీ వద్దు. మా వైపు చాలామంది పళ్లకు గుడాఖు రుద్దుకుంటారు. అదీ పొగాకే, ఆ అరగంట దాన్నీ పక్కన పెట్టండి. మూత్రానికి వెళ్లి రండి, ఆపుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. వీపు ఆనే కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఊరికే అంటే ఫోను చూడకుండా, మాట్లాడకుండా. మా దుకాణంలో అందరికీ కష్టమయ్యేది ఇదే. నేను పట్టీ చుడుతూ ఉండగానే కోడలి సంగతి మొదలవుతుంది, అంకె పైకి పోతుంది.

చేయి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కిందికి వేలాడదీస్తే ఎక్కువ చూపిస్తుంది. పట్టీని ఒట్టి చేతి మీద, మోచేతి మడతకు రెండు వేళ్లు పైన చుట్టాలి. బిగుతైన రవిక చేతిని పైకి తోసేస్తే అదే మరో పట్టీలా నొక్కుతుంది కాబట్టి ఆ రోజుకు వదులైన రవిక వేసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టి రావాలి. యంత్రం కొనేటప్పుడు ధర కన్నా ముందు మీ చేతి కొలత చెప్పండి. మణికట్టుకు పెట్టేవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ నేను కొనమని చెప్పను, పై చేతికి చుట్టేదే నమ్మదగినది.

నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండు అంకెలూ రాయండి, నచ్చినది మాత్రమే కాదు. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకమీదట చూడాలి. రెండు చేతులకూ చూసినప్పుడల్లా మధ్య తేడా పది, పదిహేను దాటుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని చూసేటప్పుడు వినేది 1905లో కొరోట్కోవ్ అనే రష్యా వైద్యుడు వివరించిన శబ్దం. బిగించిన గాలిని వదులుతుంటే మొదటి టకటక వినిపించినప్పుడు ఉన్నది పై బీపీ, ఆ శబ్దం ఆగిపోయినప్పుడు ఉన్నది కింది బీపీ. వందేళ్లు దాటినా పద్ధతి అదే.

అంకెలు ఎలా చదవాలి

పైన 120, కింద 80 లోపు ఉంటే మంచిదే. ఆసుపత్రిలో వేరువేరు రోజుల్లో చూసినా పైది 140 గానీ, కిందిది 90 గానీ, అంతకు మించి గానీ వస్తుంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. రెండూ పెరగనక్కరలేదు, ఒకటి పెరిగినా చాలు. ఇంట్లో ప్రశాంతంగా చూసుకునే వారికి హద్దు ఇంకాస్త కింద, 135, 85 దగ్గర ఉంటుంది. మధ్యలో ఉన్నవారు మందు దాకా వెళ్లకపోవచ్చు గానీ ఉప్పు, నడక, బరువు సంగతి ఆలోచించుకోవాలి. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు, అంటే చెంచాకు కాస్త తక్కువ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. పొద్దున చద్దన్నంలోకి ఎండు చేప, ఆవకాయ ముక్క వేసుకుంటే ఆ చెంచాలో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఒక్కరోజు అంకె చూసి గుండె జారిపోకండి, గంతులూ వేయకండి. తెల్లకోటు చూస్తేనే బీపీ పెరిగేవాళ్లున్నారు. ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. అందుకే వారం పుస్తకం పెట్టండి. ఏడు రోజులు, ఉదయం మందు వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసి రాయండి. మొదటి రోజు అంకెలు కొట్టేసి మిగిలిన ఆరు రోజుల సగటు తీయండి. ఆ ఒక్క కాగితం చూస్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

పైది 180 గానీ, కిందిది 120 గానీ దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, మత్తుగా ఉండటం, ఒక పక్క చేయి, కాలు బలహీనపడటం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఇంట్లో కూర్చునే వేళ కాదు, 108కి ఫోను చేయండి. ఇవేవీ లేకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించండి. పక్కింటాయన బీపీ బిళ్ళ రెండు మింగి తగ్గించుకోవాలని మాత్రం చూడకండి. ఒక్కసారిగా పడిపోయిన బీపీ మెదడుకు రక్తం అందనివ్వదు.

గర్భిణికి ఐదో నెల దాటాక పైది 140 గానీ, కిందిది 90 గానీ వస్తే ఎంత చిన్న ఊళ్లో ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దానితో పాటు తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క కింద కుడివైపు నొప్పి ఉంటే గంట కూడా ఆగకూడదు.

ఇక మనవాళ్ల ముద్దు పేరు, లో బీపీ. నీరసమంతా లో బీపీ కాదు. కొలిస్తే పది మందిలో ఒకరికీ ఉండదు, ఇది నా దుకాణం లెక్క మాత్రమే సుమా. 90, 60 కన్నా తక్కువ ఉండి, కళ్లు కూడా తిరుగుతుంటే అప్పుడు దాన్ని పట్టించుకోవాలి. ముసలివాళ్లకు పడుకుని ఉండగా ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. పైది 20 గానీ, కిందిది 10 గానీ పడిపోతే నిలబడేసరికి బీపీ జారుతోందన్నమాట. ఆ సంగతి డాక్టరుకు చెబితే మందుల మోతాదు, వేళ మార్చాలేమో ఆయన చూస్తారు. నీరసం అన్నవాళ్ల కింది కనురెప్ప లాగి కూడా చూస్తాను. పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్షకు పంపుతాను. రక్తం తక్కువైతే దడ, ఆయాసం అచ్చం గుండె జబ్బులాగే వస్తాయి. కొరాపుట్, రాయగడ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు, ఉన్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి.

మందు వాడుతున్నా బీపీ దిగకపోతే మొదట మీ సంచి తీసి చూసుకోండి. మోకాళ్ల కోసం రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు, జలుబు బిళ్ళలు కొన్ని, స్టెరాయిడ్లు బీపీని పెంచుతాయి. అవి అమ్మేది నేనే, కాబట్టి తెలిసి చెబుతున్నాను.

నాడి

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించి గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మామూలు. అంకె కన్నా లయ ముఖ్యం. తప్పెట దరువులా ఒక వరసలో రావాలి. రెండు కొట్టి ఆగి, మూడు గబగబా కొట్టి, మళ్లీ ఆగి, ఏ వరసా లేకుండా పోతుంటే ఈసీజీ, అంటే గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా చూపే పరీక్ష, తీయించాలి. అలా లయ పూర్తిగా తప్పిన గుండెలో రక్తం గడ్డ కట్టి మెదడుకు వెళితే పక్షవాతం వస్తుంది. లయ తప్పిన నాడి మీద ఆటోమేటిక్ బీపీ యంత్రం కూడా తికమక పడుతుంది, అలాంటి వారికి డాక్టరు చెవితో విని చూడటమే మేలు.

ఛాతీలో ఏదైనా అయితే

సినిమాలో గుండెపోటు వచ్చినవాడు ఎడమ రొమ్ము పట్టుకుని కూలిపోతాడు. నిజంగా వచ్చినప్పుడు చాలామంది నడిచే వస్తారు, గ్యాస్ బిళ్ళ అడుగుతారు. అది నొప్పి అని కూడా అనరు. "బండరాయి పెట్టినట్టుంది", "పట్టేసినట్టుంది", "మంట" అంటారు. రొమ్ము మధ్యలో మొదలై ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో, పై కడుపుకో పాకవచ్చు. చెమట, వాంతి, ఆయాసం తోడైతే ఇక వేరే ఆలోచన వద్దు. చక్కెర జబ్బు ఉన్నవారిలో, ఆడవాళ్లలో, ముసలివాళ్లలో ఒక్కోసారి రొమ్ములో ఏమీ లేకుండా ఉన్నట్టుండి ఆయాసం, అంతులేని నిస్సత్తువ, వాంతి మాత్రమే కనిపిస్తాయి.

వేలితో చూపించగలిగేంత చిన్న చోట, నొక్కితే పెరిగే నొప్పి కండరాలదో పక్కటెముకలదో కావడానికే ఎక్కువ అవకాశం. మెట్లెక్కితే, బరువు మోస్తే పట్టేసి, ఆగగానే ఐదు నిమిషాల్లో వదిలేసేది గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళాలు ఇరుకయ్యాయనడానికి గుర్తు. దానికి కొద్ది రోజుల్లో గుండె వైద్యుణ్ని చూడాలి. కొత్తగా మొదలైనా, తక్కువ పనికే వస్తున్నా ఆ రోజే వెళ్లాలి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చి పది నిమిషాలు దాటినా వదలకపోతే గుండెపోటు కిందే లెక్క కట్టండి. తరువాత గ్యాస్ అని తేలితే నవ్వుకుందురు గానీ.

చేయవలసినవి వరసగా ఇవి. కదలకుండా, సగం కూర్చున్నట్టుగా ఆనించండి. 108కి ఫోను చేయండి. రోగి సొంతంగా బండి నడపకూడదు, మోటారు సైకిల్ వెనక ఎక్కించకూడదు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారు, మాట, మూతి తేడా వచ్చినవారు తప్ప మిగతావారు 108 వాళ్లనో డాక్టరునో ఫోనులో అడిగి ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగవచ్చు. 75 బిళ్ళలైతే నాలుగు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రం ఎవరో చెప్పారని పెట్టకండి. అప్పటికే బీపీ పడిపోయి ఉంటే అది ఇంకా పడేస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి అన్నది మా వైపు పెద్ద చిక్కు. కాస్త ఉన్నవాళ్లు నేరుగా విశాఖపట్నం కారు మాట్లాడుకుంటారు. ఇది నాకు నచ్చని అలవాటు. ఘాట్ రోడ్డు మీద గంటలు గడిచిపోతుంటే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. మొదట ఈసీజీ తీసి, గుండె నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగే దగ్గరి ఆసుపత్రికి, అంటే చాలాచోట్ల జిల్లా ప్రధాన ఆసుపత్రికి వెళ్లండి. ఆ ఇంజెక్షన్ తొలి గంటల్లో పడితేనే ఎక్కువ ఫలితం, 12 గంటలు దాటితే దాదాపు లేనట్టే. అది పడ్డాక, గుండె నాళాల్లో అడ్డు ఎక్కడుందో చూపే యాంజియోగ్రామ్ కోసం విశాఖపట్నమో, శ్రీకాకుళమో, బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాలకో డాక్టరు చెప్పిన చోటికి తీసుకువెళ్లవచ్చు.

మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి పంపించేస్తే నొప్పి ఉన్నంతసేపు ఒప్పుకోకండి. కొన్ని గుండెపోట్లు మొదటి ఈసీజీలో కనిపించవు. మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేయాలి. అది కూడా నొప్పి మొదలైన మొదటి గంటలోనే చేస్తే మామూలుగా రావచ్చు కాబట్టి కొన్ని గంటలు ఆగి రెండోసారి చేస్తారు. ఏ గంటకు నొప్పి మొదలైందో చేతి మీదైనా రాసుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. పక్షవాతానికీ అంతే: మూతి వంకర, చేయి వాలిపోవడం, మాట తేడా కనిపిస్తే గంట చూసి పరుగెత్తండి. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు.

ఆయాసం, వాపు

ఆ కూరగాయల ఆయన ఇప్పుడూ మా దుకాణానికి వస్తాడు. గుండెపోటు తరువాత తీసిన ఎకోలో, అంటే గుండె స్కానింగులో, గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో 35 శాతమే బయటికి నెడుతోందని రాశారు. 50 దాటి ఉండవలసింది. కొన్నాళ్లకు ఆయన భార్య వచ్చి "ఈయన మూడు తలగడలు పెట్టుకుంటే గానీ పడుకోవడం లేదు బాబూ" అంది. ఈసారి ఏ బిళ్ళా ఇవ్వలేదు. పాదం పైన, చీలమండ దగ్గర బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీశాను, గుంట అలాగే నిలిచిపోయింది. కాటా మీద నిలబెడితే మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగాడు. తిన్నదానికి అంత బరువు పెరగదు, అది నీరు. ఆ మధ్యాహ్నమే డాక్టరు దగ్గరకు పంపాను.

మీరూ ఇవే చూడండి: పడుకుంటే పెరిగి కూర్చుంటే తగ్గే ఆయాసం, నడిరాత్రి ఊపిరాడక లేవడం, కాళ్ల వాపు, మూడు రోజుల్లో రెండు కిలోలు. కాళ్లు వాచిన ప్రతివారికీ గుండె జబ్బు ఉందని కాదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా చీలమండలు వాస్తాయి. మందు మీ అంతట మీరు ఆపకుండా ఆ బిళ్ళ పేరు డాక్టరుకు చెప్పండి.

పిల్లల్లో రెండు సంగతులు. పాలు తాగుతూ చెమటలు పట్టి, మధ్య మధ్య ఆగి రొప్పే పసిబిడ్డను, పెదవులు నీలంగా మారే బిడ్డను వెంటనే చూపించాలి. బడి వయసు పిల్లలకు గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలు తగ్గి మరో కీలు వాచడం మొదలైతే కీళ్లవాతం అని నూనె రాస్తూ కూర్చోకండి. గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం అది కావచ్చు. తేలితే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి, మధ్యలో మానకూడదు.

డాక్టరు దగ్గర

బీపీ ఉందని తేలితే ఈ పరీక్షలు అడిగి చేయించుకోండి: మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం, పరగడుపు చక్కెర, కొలెస్ట్రాల్, ఈసీజీ, కంటి లోపలి పరీక్ష. ఎకో అందరికీ అక్కరలేదు, ఆయాసమో, గుండె చప్పుడులో తేడానో, ఈసీజీలో మార్పో ఉంటే తీస్తారు.

సరిహద్దు మనుషులకు ఇంకో కష్టం భాష. కొత్తగా వచ్చిన ఒడియా డాక్టరుకు మన తెలుగు రాదు, మన ముసలివాళ్లకు ఒడియా రాదు. "గ్యాస్" ఒక్కటే ఇద్దరికీ తెలిసిన మాట, అందుకే అది ముందు నోట్లోకి వస్తుందేమో. దాని బదులు ఈ నాలుగు ముక్కలు నేర్పి పెట్టండి. రొమ్ము నొప్పిగా ఉంటే ఛాతి జంత్రణా హెఉఛి. ఊపిరాడకపోతే నిశ్వాస నెబాకు కష్ట హెఉఛి. తల తిరుగుతుంటే ముండ బులాఉఛి. చెమట పడుతుంటే ఝాళ బొహుఛి.

ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే ఒక ప్లాస్టిక్ సంచి పెట్టండి. అందులో బీపీ పుస్తకం, వాడుతున్న మందుల ఖాళీ అట్టలు, ఏ మందు పడదో రాసిన చీటీ, పాత ఎకో, ఆధార్, ఆరోగ్య పథకం కార్డు. ఒడిశాలో తీసిన కాగితం శ్రీకాకుళం డాక్టరుకు, అక్కడిది ఇక్కడివారికి చూపించేది మీరే. పాత ఈసీజీ పక్కన పెడితేనే కొత్త ఈసీజీలో మార్పు కొత్తదో పాతదో తెలుస్తుంది. కానీ ఈసీజీ కాగితం వేడి తగిలితే నల్లబడుతుంది, ఏళ్లు గడిస్తే గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే రెండు జిరాక్సులు తీయించి, ఫోనులో ఫోటో తీసి కొడుక్కో కూతురికో పంపించండి.